వకీలు సన్నదు – కక్షిదారుని వివేకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



రాయలసీమ రైతు ఎద్దును కొనబోవునపుడు ఎంత జాగరూకుడో అందరెరిగినదే. పండ్లు లెక్కించును, సుడి చూచును, గిట్టలు తట్టి చూచును, అప్పటికిని తృప్తి చెందక కాడికి గట్టి నాలుగు సాళ్లు దున్నించిన పిమ్మటగాని బేరమునకు దిగడు. విత్తనపు వేరుశనగను దోసిట పోసికొని గింజ గింజ పరికించును. అట్టి వివేకవంతుడే, తాత ముత్తాతలనాటి భూమి వ్యాజ్యమున పడినపుడు, కర్నూలు బస్సు నిలయములోనో కడప కచేరి వాకిటిలోనో కనబడిన పెద్దమనిషి ఒకడు “పదరా అన్నా, మంచి వకీలును చూపించెద” ననగానే వెంటబోవును. ఆ వకీలెవరు, అతని యోగ్యత యేమి, అతడు తన వ్యాజ్యమువంటి వ్యాజ్యములను నడపెనా అని అడుగడు. అడుగుట మర్యాద గాదని తలచును. ఎద్దు చెడినచో ఒక యేటి సేద్యము చెడును. వకీలు చెడినచో భూమియే పోవును. ఓడినవాడు కోర్టులో ఏడ్చె, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చె నను సామెత ఈ సీమలో ఊరక పుట్టలేదు.

కావున వకీలునకు గల సన్నదు లెట్టివి, అవి కక్షిదారునకు ఏమి చెప్పును, ఏమి చెప్పజాలవు అను విషయము ఈ రజతోత్సవ సందర్భమున విచారింపదగినదై యున్నది.

పరుని తరఫున వాదించుట పురాతనమైన ఆచారమే. నారదస్మృతి ఈ విషయమును స్పష్టముగ చెప్పినది. వాది గాని ప్రతివాది గాని నియమించిన ప్రతినిధి సభలో మాటలాడినచో, గెలుపోటములు నియమించిన వానివే గాని ప్రతినిధివి కావని ఆ స్మృతి తాత్పర్యము. తండ్రియు, సోదరుడును, కుమారుడును గాక, నియుక్తుడును గాక పరుని కొరకు వాదించువాడు దండనార్హుడనియు అందే కలదు. శుక్రనీతి నియోగికి ఈయదగిన భృతిని సైతము వివాదధనములో భాగముగ నిర్ణయించినది. తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, విజ్ఞానేశ్వరుని మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి దెచ్చెను. ధర్మశాస్త్రము తెలుగువానికి తెలుగులో తెలియవలెనను కోరిక ఏడు వందల యేండ్లకు పైబడినదన్నమాట. నారదుని మాటలోని సారము నేటికిని మారలేదు: పొరపాటు ప్రతినిధిది, నష్టము నియమించినవానిది.

ఇక సన్నదు చరిత్ర. 1793లో బంగాళా రెగ్యులేషను వకీళ్లకు నియమములేర్పరచినది; 1816లో మదరాసు ప్రభుత్వము తన రాజ్యమునకు అట్టి రెగ్యులేషను చేసినది. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి ఇచ్చినందున కడప సీమ అప్పటికే కుంపిణీ పాలనలో నుండెను. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబుల చేతిలోనే యుండెను. 1846 చట్టము, ఏ దేశమువాడైనను ఏ మతమువాడైనను అర్హత గలచో ప్లీడరు కావచ్చునని తలుపు తెరచెను. 1879 చట్టము ప్లీడర్లను, ముఖ్తారులను, రెవిన్యూ ఏజెంట్లను క్రమపరచెను. స్త్రీలకు అడ్డుండరాదని 1923లో వేరొక చట్టము వచ్చెను. 1926లో బార్ కౌన్సిళ్ల చట్టమును, స్వాతంత్ర్యానంతరము 1961లో అడ్వకేట్ల చట్టమును వెలువడెను. ఈ కడపటి చట్టము వకీలు, ప్లీడరు, ముఖ్తారు అను భేదములను తుడిచివేసి దేశమంతటికిని అడ్వకేటు అను ఒక్కటే వర్గము నేర్పరచెను.

ఇట్లు మెట్టు మెట్టుగ తెరువబడిన తలుపుగుండ ఎవరెవరు రాగలిగిరో చూపుటకు దూరము పోనక్కరలేదు. కర్నూలు చెంతనున్న పెదపాడులో నిరుపేద దళిత కుటుంబమున 1921లో జన్మించిన దామోదరం సంజీవయ్య మదరాసులో న్యాయశాస్త్రము చదివి పట్టభద్రుడై, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యయ్యెను. విశాఖపట్టణమునందలి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము ఆయన పేరనే వెలసినది. సన్నదునకు సంఘములో గల గౌరవ మట్టిది. ఎన్‌రోల్‌మెంటు రుసుము చట్టములో వ్రాసిన 750 రూపాయలను, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125 రూపాయలను మించరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటయు ఈ తలుపు మరల మూయబడకుండుటకే.

ఇప్పుడు కక్షిదారుడు తెలిసికొనవలసిన పత్రములు మూడు. మొదటిది న్యాయశాస్త్ర పట్టము. ఇంటరు పిమ్మట ఐదేండ్లు గాని, వేరొక పట్టము పిమ్మట మూడేండ్లు గాని చదివిన చదువునకు గుర్తు. పట్టము మాత్రముచేతనే ఎవరును కోర్టులో వాదింపజాలరు. రెండవది రాష్ట్ర బార్ కౌన్సిలువారి ఎన్‌రోల్‌మెంటు ధ్రువపత్రము. పెద్దలు సన్నదనునది దీనినే. దీనికొక సంఖ్య యుండును: రాష్ట్రము పేరు, వరుస సంఖ్య, చేరిన సంవత్సరము. ఆ సంవత్సరమును చూచినచో వకీలు వృత్తిలో ప్రవేశించి యెన్ని యేండ్లయినదో కక్షిదారుడు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. మూడవది వృత్తి నిర్వహణ ధ్రువపత్రము. 2009–10 విద్యాసంవత్సరమునుండి పట్టభద్రులైనవారు అఖిలభారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులైనగాని దీనిని పొందరు. ఈ పరీక్ష 2011లో మొదలయ్యెను. బార్ కౌన్సిలునకు అట్టి పరీక్ష పెట్టు అధికారము కలదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించెను. అంతకు ముందటివారికి ఆ పరీక్ష లేదు గనుక, వృద్ధ న్యాయవాది యొద్ద అది లేదని శంకించుట తగదు.

సన్నదు లేనివాడు వకీలుగ వ్యవహరించుట నేరము. అడ్వకేట్ల చట్టము 45వ సెక్షను ప్రకారము ఆరు నెలలవరకు ఖైదు విధింపవచ్చును. కోర్టు ఆవరణలలో వ్యాజ్యములను పట్టి వకీళ్లకు చేర్చి సొమ్ము గడించు దళారుల సంగతి 1879 చట్టములోనే యుండెను. 2023 సవరణ దానిని అడ్వకేట్ల చట్టములోనికి తెచ్చి, దళారిగ ప్రకటింపబడియు ఆ పనియే చేయువానికి మూడు నెలలవరకు ఖైదో, 500 రూపాయలవరకు జుల్మానాయో, రెండునో విధించినది. బస్సు నిలయములోని పెద్దమనిషి తాను మేలు చేయుచున్నానని చెప్పవచ్చును. చట్టము మాత్రము అతని నా పేరున పిలువదు.

కొన్ని బోర్డులు మాత్రము కక్షిదారుని భ్రమింపజేయును. నోటరీ యనగా పత్రములను ధ్రువపరచువాడు. 1952 నోటరీల చట్టముక్రింద నియమింపబడినవాడు. పదేండ్ల న్యాయవాద వృత్తి గలవారిని సాధారణముగ నియమింతురు గాని, ఆ బోర్డు సాక్షిని ప్రశ్నించు నేర్పునకు గుర్తు కాదు. దస్తావేజులు వ్రాయు లేఖరి రిజిస్ట్రారు కచేరిలో పనికివచ్చునే గాని న్యాయస్థానమున గాదు. వకీలు గుమాస్తా ఎంత అనుభవజ్ఞుడైనను వాదింపజాలడు. పబ్లిక్ ప్రాసిక్యూటరు ప్రభుత్వ పక్షము వాడు; హత్య కేసులో హతుని బంధువులు వేరొక న్యాయవాదిని పెట్టుకొనినను, అతడు ప్రాసిక్యూటరునకు తోడ్పడవలసినదే గాని కేసు తానై నడపజాలడు. కక్షలతో నలిగిన గ్రామములవారు ఈ భేదము తెలియక రెండువైపుల సొమ్ము పోగొట్టుకొందురు.

మరి సన్నదున్నచో చాలునా? చాలదు. ఇదియే ఈ ప్రసంగమునకు ముఖ్యాంశము. నిన్న చేరిన యువకునకును, నలువదియేండ్లు వాదించిన వృద్ధునకును సన్నదు ఒక్కటే. అది లోపలికి వచ్చుటకు గల హక్కును చెప్పునే గాని, లోపలికి వచ్చినవాని నేర్పును చెప్పదు. సివిలు వ్యాజ్యములలో నిపుణుడు, సెషన్సు కేసులలో నిపుణుడు అని పరీక్షించి వేరు ధ్రువపత్రమిచ్చు పద్ధతి భారతదేశమున లేదు.

అమెరికాలో అట్టి పద్ధతి కొన్ని రాష్ట్రములలో గలదు. తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన టెక్సాసులో 1974లో న్యాయవాద ప్రత్యేక నైపుణ్యమునకై ఒక బోర్డు ఏర్పడెను. కొన్ని యేండ్లు వృత్తి చేసి, నిర్ణీతమైన అనుభవము చూపి, తోటి న్యాయవాదుల, న్యాయమూర్తుల అభిప్రాయములలో నెగ్గి, పరీక్షలో గెలిచినవానికే ఆ బోర్డు ధ్రువపత్ర మిచ్చును. ఐదేండ్లకొకసారి మరల యోగ్యత నిరూపింపవలెను. సాక్షుల విచారణలో నిపుణులైనవారికై 1977లో జాతీయస్థాయిని వేరొక సంస్థ పుట్టెను. ఆ సంస్థ ఇచ్చిన బిరుదమును ఇల్లినాయిస్ న్యాయవాది యొకడు తన లేఖాపత్రముపై అచ్చువేసికొనగా వివాదమై, 1990లో అమెరికా సుప్రీంకోర్టు అది సత్యమైనచో చెప్పుకొనవచ్చునని తీర్పిచ్చెను. ఇచ్చట అట్లు గాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములు న్యాయవాది తన్ను తాను ప్రకటించుకొనుటను నిషేధించినవి. ఫలాన పనిలో తాను ప్రత్యేక నిపుణుడనని బోర్డుపై వ్రాసికొనరాదు. కావున పరీక్షించు భారము కక్షిదారునిపైననే పడినది.

సీనియరు అడ్వకేటు అను బిరుదము మాత్ర మొకటి కలదు. 16వ సెక్షను ప్రకారము హైకోర్టు గాని సుప్రీంకోర్టు గాని, ఆ న్యాయవాది సమ్మతితో, అతని సామర్థ్యమును, న్యాయవాదులలో గల స్థానమును, ప్రత్యేకానుభవమును చూచి ఇచ్చును. అయితే అట్టివారు వకాల్తా దాఖలు చేయరు. వేరొక న్యాయవాది ద్వారానే వాదింపవలెను. ఆదోని కోర్టులో గట్టు తగాదా గలవానికి ఈ బిరుదముతో పని యుండుట యరుదు.

అతనికి కావలసినది మొదటి కోర్టులో సాక్ష్యమును గట్టిగ నడపగల న్యాయవాది. కారణ మిది. అప్పీలు కోర్టులు సాధారణముగ క్రింది కోర్టులో రికార్డయిన సాక్ష్యమును బట్టియే తీర్పు చెప్పును. సివిలు ప్రొసీజరు కోడు 100వ సెక్షను ప్రకారము రెండవ అప్పీలు ముఖ్యమైన న్యాయసంబంధ ప్రశ్న యున్నగాని నడువదు. పొలము ఎవని సాగులో నుండెనను విషయము క్రింది కోర్టులోనే తేలవలెను. అచ్చట అడుగని ప్రశ్నను పైకోర్టులో అడుగుటకు వీలులేదు. అడంగలును, 1–బి నకలును, పాత డైగ్లాటును, కొలత చిత్రపటమును వకీలు చదువనేర్చినవాడై యుండవలెను. 2020లో ఆరంభమైన భూముల రీసర్వేలో క్రొత్త సంఖ్య పడిన పొలమునకు పాత సర్వే నంబరుతో పొంతన చూపగలవాడై యుండవలెను. అప్పీలు కోర్టు దూరమును తలపవలసినదే. 1937 శ్రీబాగు ఒడంబడిక తరువాత ఆంధ్రరాష్ట్రమునకు కర్నూలు 1953లో రాజధాని యయ్యెను. హైకోర్టు మాత్రము 1954లో గుంటూరున వెలసి, 1956లో హైదరాబాదునకు పోయి, 2019 జనవరిలో అమరావతికి వచ్చెను. క్రింద చెడిన వ్యాజ్యమును పైన చక్కదిద్దుకొనుటకు రాయలసీమవాడు ఎన్నడును దూరమే నడచెను.

కాలపరిమితి మరియొక గండము. ఆక్రమింపబడిన భూమిని హక్కునుబట్టి తిరిగి కోరుటకు 12 సంవత్సరములు. సమన్లు అందిన పిమ్మట జవాబు దాఖలు చేయుటకు 30 దినములు, కోర్టు అనుమతించినచో 90 వరకు. ఏకపక్ష డిక్రీని రద్దు చేయించుకొనుటకు 30 దినములు. జిల్లా కోర్టునకు అప్పీలు 30 దినములు, హైకోర్టునకు 90 దినములు. ఒక రైతు సమన్లు అందగనే కాగితములను, సొమ్మును దళారి చేతిలో పెట్టి కొర్ర కోతలకు మరలెననుకొనుడు. వకాల్తా దాఖలు కాలేదు, కోర్టులో మూడుసార్లు పేరు పిలిచిరి, పలుకువాడు లేడు. ఏకపక్షముగ డిక్రీ అయ్యెను. కడకు అమీనా పొలము గట్టున నిలిచి, భూమిని అన్యునకు అప్పగించుచున్నానని చెప్పినపుడు గాని రైతునకు తెలియలేదు. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో కోర్టు మన్నింపవచ్చును; కాని ఆ కారణమును నిరూపించుటకు మరల ఒక వకీలు, మరల కొంత సొమ్ము, మరల కొన్ని యేండ్లు.

కావున ఎన్నుకొనుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. న్యాయస్థానము బహిరంగ స్థలము. కర్నూలులోగాని, నంద్యాలలోగాని, ప్రొద్దుటూరులోగాని, జమ్మలమడుగులోగాని ఒక పూట వెనుక బల్లపై మౌనముగ కూర్చున్నచో, ఏ న్యాయవాది కాగితము చదివి వచ్చెనో, ఎవరు వాయిదా మాత్రమే అడుగుచుండెనో చదువురానివానికిని తెలియును. ఎద్దును దున్నించి చూచుట యనగా ఇదియే. ఇంట చదివిన పిల్లలున్నచో ఈ–కోర్ట్స్ అను ప్రభుత్వ సేవలో న్యాయవాది పేరుతో వెదకి, అతడు నడపు వ్యాజ్యములను చూడవచ్చును. తన వ్యాజ్యమునకు గల పదునారు అక్షరముల సి.ఎన్.ఆర్. సంఖ్యను వ్రాసియుంచుకొన్నచో వాయిదా తేదీని ఎవరి నోటను వినవలసిన పనిలేదు.

వకీలును కలసినపుడు వినయముగనే అడుగవలెను. సన్నదు సంఖ్య ఏది? ఇట్టి వ్యాజ్యములు నడపితిరా? సాక్షులను స్వయముగ ప్రశ్నింతురా, జూనియరు ప్రశ్నించునా? ఫీజు మొత్తమెంత, ఏయే దశలో ఈయవలెను? రసీదు ఇత్తురా? యోగ్యుడైన న్యాయవాది ఈ ప్రశ్నలకు కోపింపడు. కోపించువాని గదిలో కూర్చుండుటకంటె బయటికి వచ్చుట మేలు. గెలిచిన భూమిలో ఇంత పాలు ఈయవలెనని అడుగుట బార్ కౌన్సిల్ నియమములకు విరుద్ధము. “జడ్జిగారు నాకు తెలిసినవారు” అని చెప్పువాని వెంట పోరాదు. అది వాదన రానివాని మాట. ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేయరాదు. వకాల్తాలో ఏమున్నదో చదివించుకొని, అసలు దస్తావేజులు ఇచ్చినచో పట్టిక వ్రాయించి సంతకము పుచ్చుకొనవలెను.

నమ్మినవాడు శ్రద్ధ చూపనిచో మార్చుకొనుట కక్షిదారుని హక్కు. ఫీజు బాకీ యున్నదని న్యాయవాది దస్త్రమును బిగబట్టరాదని 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు చెప్పెను. దుష్ప్రవర్తన యున్నచో రాష్ట్ర బార్ కౌన్సిలునకు 35వ సెక్షను క్రింద ఫిర్యాదు చేయవచ్చును. ఆ కౌన్సిలు మందలింపవచ్చును, కొంతకాలము వృత్తి నాపవచ్చును, పట్టికనుండి పేరు తొలగింపవచ్చును. అందు న్యాయము దొరకనిచో 60 దినములలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్పీలు కలదు. వినియోగదారుల కోర్టునకు పోవుటకు వీలులేదు. న్యాయవాదుల సేవ ఆ చట్టముక్రిందకు రాదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది.

బీదవానికి ఈ విచారణ యేల అని నిరాశ పడనక్కరలేదు. 1976లో రాజ్యాంగమున చేరిన 39–ఎ అధికరణము ఉచిత న్యాయసహాయమును రాజ్యము కర్తవ్యముగ చెప్పినది. 1987 చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చెను. దాని 12వ సెక్షను ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు, కార్మికులకు, కరవు వంటి విపత్తులకు గురియైనవారికి, నిర్బంధములోనున్నవారికి, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయము గలవారికి న్యాయవాదిని ప్రభుత్వమే యిచ్చును. స్త్రీకి ఆదాయ పరిమితితో పనిలేదను సంగతి గ్రామములలో పెక్కుమందికి తెలియదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఈయవచ్చును. 15100 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇరువురును సమ్మతించినచో లోక్ అదాలతులో తగవు తీరును. ఆ తీర్పుపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును.

ఈ సంగతులు ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున చెప్పుటకు హేతువు కలదు. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారవోసి, వయోజన విద్యను దానితో జోడించెను. పుస్తకము చదువరి కాలక్షేపమునకే గాక పౌరుని రక్షణకును అని ఆ యుద్యమము బోధించినది. పురాణ కాలక్షేపము జరుగు అరుగుననే వారమున కొకనాడు సమన్లు అందినవారి కాగితమును చదివిపెట్టు చదువరి యొకడు కూర్చుండవలెను. గోడపై 15100 అను సంఖ్యయు, జవాబునకు 30 దినములను మాటయు పెద్ద అక్షరములతో వ్రాయబడవలెను. బీరువాలో భారతభాగవతముల ప్రక్క తెలుగున అచ్చయిన చట్టముల ప్రతు లుండవలెను. ఈ మూటికి ఖర్చు స్వల్పము. వీనిచేత ఒక్క రైతు పొలము నిలిచినను ఆ ఖర్చు వ్యర్థము కాదు.